కొండమ్మకు రెక్క దండం

గాలిమెట్టలో విమానం దింపడమంటే, మేడ మీంచి విసిరిన చెప్పుల జత వెళ్ళి కింద గుమ్మం పక్కన తిన్నగా సర్దుకున్నట్టు ఉండాలని జోగారావు నలుగురిలో అంటుండేవాడు. విన్నవాళ్ళు నవ్వేవారు. ఒక్కసారి ఆ విమానం ఎక్కి వచ్చినవాళ్ళు మాత్రం నవ్వేవారు కాదు, మంచినీళ్ళు అడిగేవారు.

విశాఖ తీరంలో బయల్దేరిన తొమ్మిది సీట్ల చిన్న విమానం తూర్పు కనుమల్లోకి దూరి, మెలికలు తిరిగిన ఒక లోయ వెంట పైకి వెళ్తుంది. లోయ చివర కొండ భుజం మీద చెక్కిన రన్‌వే ఉంది. అది బల్లపరుపుగా ఉండదు, పెంకుటింటి కప్పులా ఏటవాలు. కింది చివర నేల తాకాలి, ఎత్తువైపు పరుగెత్తి ఆగాలి. ఆ పై చివర నల్లరాతి గోడ నిలబడి ఉంటుంది. రన్‌వేకి ఇవతల లోయలో సున్నం కొట్టిన పెద్ద బండ ఒకటుంది. దాన్ని దాటకముందు మనసు మారితే ఎడమకి తిరిగి లోయలోకి తప్పుకోవచ్చు. దాటాక ఇక దిగి తీరాలి. సున్నంబండ దాటినవాడూ తాళి కట్టినవాడూ వెనక్కి చూడకూడదని ఆ దారి పైలట్లు ఒక సామెత కూడా కట్టుకున్నారు.

బండకి కాస్త ముందు, ఎడమ గట్టు మీద కొండమ్మ ఉంటుంది. గుడి ఏమీ లేదు. పసుపు పూసిన రాయి, దాని ముందు ఎప్పుడో ఎవరో మొక్కుకున్న మట్టి గుర్రాలు. అక్కడికి రాగానే కెప్టెన్ పైడితల్లి విమానం ఎడమ రెక్కని కొద్దిగా వంచి వదిలేసేది. రెక్క దానంతటది లేచేది. ఆ తర్వాతే ఆమె బండ దాటేది.

కెప్టెన్ పైడితల్లి జోగారావు భార్య. విజయనగరం పిల్ల. ఆ దారి ఆమెకి నేర్పినవాడు కెప్టెన్ జ్ఞానానందం. ఆయన ఆదివారం చర్చి మానిన మనిషి కాదు. అయినా కొండమ్మ దగ్గర రెక్క వంచకుండా ఒక్కనాడూ దిగలేదట. "ఏటి గురువుగారూ, మీరు కూడానా?" అని పైడితల్లి అడిగితే, "ఎవరింటికి వెళ్తే వాళ్ళ పెద్దావిడికి చెప్పుకునే లోపలికి వెళ్ళాలమ్మా. అది మర్యాద" అన్నాడట. అంతకుమించి ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆయన ముసలితనంలో మంచం మీదే హాయిగా పోయాడు. ఆ దారి పైలట్లలో అలా పోవడమే పెద్ద బిరుదు.

జోగారావుకి ఈ దండాలంటే నవ్వు. ఆయన భీమిలి రోడ్డు మీద ఉన్న ఒక ప్రయోగశాలలో నరాల మీద పనిచేసే ఇంజనీరు. వెనక సీట్లో కూర్చుని వచ్చినప్పుడల్లా, "మీ అమ్మవారికి ఇంకాస్త వంగి పెట్టకపోయావా?" అని భార్యని ఆటపట్టించేవాడు.

"కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమేటండీ?" అనేది పైడితల్లి. "నాకున్నది రెక్కే. దాంతోనే సరిపెట్టుకుంటున్నాను."

గాలిమెట్ట చుట్టూ ఉన్న గూడేలకి ఘాట్ రోడ్డు ఉంది గానీ వానాకాలం వచ్చిందంటే కొండచరియలు దాన్ని మింగేస్తాయి. అప్పుడు మందులు, రక్తం సీసాలు, బడిపిల్లల బియ్యం, కిందికి దింపాల్సిన రోగులు, అన్నిటికీ ఆ విమానమే గతి. గాలి కొలవడానికి అధికారులు లోయలో స్తంభాలు పాతారు. స్తంభం దగ్గర గాలి స్తంభానికొకటి చెప్పింది, విమానం దగ్గర గాలి విమానానికొకటి చెప్పింది. ఆ రెండూ ఎన్నడూ ఒక మాట మీద నిలవలేదు. చివరికి ఆ దారి తెలిసిన పైలట్లలో ఒకరు పెద్ద విమానాలకి వెళ్ళిపోయారు, ఇంకొకరు రిటైరయ్యారు, పైడితల్లి ఒక్కతే మిగిలింది. ఒక్క మనిషి మీద నడిచే దారిని దారి అనలేం, వానలు వెనకపట్టేలోపు రెండో పైలట్ తయారు కాకపోతే గాలిమెట్ట మూసేస్తాం అని అధికారులు కచ్చితంగా చెప్పేశారు. ఆ దారి వంటబట్టడానికి పైడితల్లికే ఏళ్ళు పట్టింది. ఇప్పుడు చేతిలో ఉన్నవి కొన్ని నెలలు.

జోగారావు 'తోడు' అప్పుడే పుట్టింది.

చూడ్డానికి అందులో పెద్ద విశేషం లేదు. ఒక్కో చెవి వెనక ఎముకకి అంటించే గోరంత బిళ్ళ, ఒంటికి తొడుక్కునే బనీను. మనిషి లోపలి చెవిలో ఒక నరం ఉంది. ఒళ్ళు ఎటు ఒరిగిందో, ఎంత లేచిందో, నేల ఎటుందో ఆ నరమే మెదడుకి చేరవేస్తుంది. పైడితల్లి విమానం నడుపుతున్నప్పుడు ఆ నరం ఏం పలికిందో, దానికి ఆమె ఒళ్ళు ఏం బదులిచ్చిందో బిళ్ళ పట్టుకునేది. తర్వాత అదే బనీను ఇంకొకరు తొడుక్కుంటే, అది భుజాల మీద, పక్కటెముకల మీద, ముంజేతుల మీద మెత్తగా నొక్కుతుంది. పలక మీద పిల్లవాడి చెయ్యి పట్టి అక్షరం దిద్దించినట్టే, పైడితల్లి ఒంట్లోని తెలివి ఇంకొకరి ఒంటిని పట్టి దిద్దిస్తుంది.

కానీ ఒక చిక్కుంది. ఆ నరం పలికేది గుసగుస. దాన్ని వినాలంటే బిళ్ళ చిన్న కరెంటుతో నరాన్ని గిల్లాలి. మొదట్లో రికార్డింగ్ అయిన తర్వాత పైడితల్లికి కాసేపు తల తిరిగేది, మజ్జిగ తాగి పడుకుంటే పోయేది. తర్వాత అది మర్నాటిదాకా ఉండడం మొదలైంది. మెట్లు దిగేటప్పుడు ఆమె గోడ పట్టుకోవడం జోగారావు చూశాడు. చూసి, రేపు తగ్గుతుందిలే అనుకున్నాడు. తన మిషను పని చేస్తోందన్న సంబరంలో ఉన్న మనిషికి అలాంటి ఊహలు తేలిగ్గానే వస్తాయి.

ఒకరోజు పొద్దున్న స్నానాల గదిలోంచి దబ్బుమని చప్పుడైంది. జోగారావు తలుపు తోసుకుని వెళ్ళేసరికి పైడితల్లి మొహం నిండా సబ్బుతో నేల మీద కూర్చుని, రెండు చేతులతో కుళాయి పట్టుకుని ఉంది.

"ఏమైంది పైడీ?"

"ఏటీ అవ్వలేదు. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూశాను." ఆమె కుళాయి వదల్లేదు. "నేల ఎటుందో తెలీలేదండీ. కళ్ళు మూస్తే నేల లేదు."

జోగారావు తువ్వాలుతో ఆమె మొహం తుడిచాడు. కెప్టెనమ్మ కళ్ళు మూసుకుని విమానం దింపేస్తుందని గూడేల్లో చెప్పుకుంటారు. ఆ మాట గుర్తొచ్చి అతను ఆమె భుజాలు పట్టి గోడకి ఆనించి కూర్చోబెట్టాడు.

"ఆపేద్దాం," అన్నాడు. అన్నాడు గానీ ఆ మాటలో బలం లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"ఆపేస్తే సగం చదువు ఎవరికి పనికొస్తది? పోయిందెలాగూ పోయింది. ఉన్నది నేర్చుకోడానికొచ్చిన బొంజుకి ముట్టచెప్పేద్దాం." తర్వాత నవ్వబోయి నవ్వలేక, "విద్య ఇచ్చినకొద్దీ పెరుగుతుందని బళ్ళో మా మేష్టారు వ్యాసం రాయించేవారు. మీ మిషను ఆ వ్యాసం చదివినట్టు లేదు" అంది.

ఇంకొన్నాళ్ళు రికార్డింగ్ నడిచింది. అది పూర్తయ్యేసరికి డాక్టర్లు ఆమెని పరీక్షించి, ఎడమ చెవిలో నరం పూర్తిగా పోయింది, కుడి చెవిలో ఏదో కొంచెం మిగిలింది, ఇక కంట్రోల్స్ ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. వెలుతురు బాగున్న రోజుల్లో పక్క సీట్లో కూర్చుని నేర్పచ్చు, అంతే. నరం మళ్ళీ చిగురిస్తుందా అని జోగారావు అడిగితే, వాళ్ళు పెదవి విరిచారు. ఆ రోజు ఇంటికొచ్చి అతను అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. తన చేతులతో తన భార్య రెక్కలు కత్తిరించానని అతనికి అనిపించింది. ఇక ఈ బనీను పని చేసి తీరాలి. పని చెయ్యకపోతే ఆమె ఇచ్చిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

బొంజు అంటే కొర్రా బొంజుబాబు. గాలిమెట్ట కింది గూడెం కుర్రాడే. చిన్నప్పుడు రన్‌వే కంచె పట్టుకుని వేలాడిన పిల్లల్లో ఒకడు. పట్టుదలగా చదివి పైలట్ అయ్యాడు, మైదానాల్లో విమానాలు నడిపాడు, సొంత కొండకి వస్తానని తనే అడిగి వచ్చాడు.

బనీను అతనికి తొడిగే ముందు రికార్డింగులన్నీ శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. తుమ్ములు, దగ్గులు, సీట్లో సర్దుకోవడాలు, అలాంటి చెత్తంతా జోగారావు తెరమీద చూసుకుంటూ కత్తిరిస్తున్నాడు. పైడితల్లి పక్కన కూర్చుని కాఫీ తాగుతోంది.

"ఇదేమిటి? ప్రతిసారీ బండకి ముందు ఇక్కడొక వంపు?"

"అది దండం కదండీ."

జోగారావు పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మిషనుకి భక్తెందుకు పైడీ? దీన్ని తీసేస్తాను, నువ్వు కోప్పడకూడదు."

"కోపమెందుకు? తియ్యమనే నేనంటాను," అంది పైడితల్లి. "అది నేను అమ్మకి పెట్టుకున్న దండం. నా ఒంట్లోంచి తీసి ఇంకొకడి ఒంట్లో పెడితే అది అరువు దండం అవుతుంది. బొంజుకి పెట్టాలనిపిస్తే వాడిది వాడే పెట్టుకుంటాడు. అమ్మ దగ్గర ఎరువు సొమ్ములు చెల్లవు."

నమ్మనివాడు ఒక కారణం చెప్పాడు, నమ్మినావిడ ఇంకో కారణం చెప్పింది. ఇద్దరూ కలిసి దండాలన్నీ ఏరి పారేశారు. అంత సఖ్యంగా ఆ దంపతులు ఏ పనీ చేసి ఉండరు.

ప్రయోగశాలలో బొమ్మ విమానం ఒకటుంది. ముందు తెర మీద గాలిమెట్ట కొండ, లోయ, బండ అన్నీ కనిపిస్తాయి. బొంజు బనీను తొడుక్కుని అందులో కూర్చున్నాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా దింపాడు, ఒక్కసారి కూడా తప్పలేదు.

"కెప్టెనమ్మ వొచ్చి నా ఒంట్లో కూకున్నట్టున్నాది సార్," అన్నాడు దిగొచ్చి. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైడితల్లి వాడి వీపు మీద చరిచి, మొహం పక్కకి తిప్పుకుంది. తను మళ్ళీ ఎన్నడూ చెయ్యలేని పని ఇంకొకరి చేతుల్లో తన లాగే జరుగుతుంటే చూడడం సంతోషమో దుఃఖమో ఆమెకే తేలలేదు. ఆ బొమ్మ కొండ మీద వీచే గాలి కూడా పైడితల్లి రికార్డింగుల్లోంచి తయారైందేనన్న సంగతి జోగారావుకి తట్టలేదు. తన ప్రశ్నపత్రం తనే రాసుకుని తనే దిద్దుకున్న పిల్లాడికి నూటికి నూరూ రాక ఏమవుతుంది?

వానలు కాస్త తెరిపిచ్చిన ఒక ఉదయం, అసలు పరీక్ష పెట్టుకున్నారు. ప్రయాణికులెవరూ లేరు. ఎడమ సీట్లో బొంజు, కుడి సీట్లో పైడితల్లి, వెనక, తోడుని నడిపే చిన్న తెర పలక ఒళ్ళో పెట్టుకుని జోగారావు. సీట్ల వెనక గాలిమెట్ట ఆస్పత్రికి మందుల పెట్టెలు. ఇవాళ దిగితే అధికారులకి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. దిగలేకపోతే గాలిమెట్ట మూతపడ్డట్టే.

లోయలోకి దూరేదాకా అంతా బాగానే ఉంది. కొండల మీద కడిగినట్టు పచ్చదనం. వానకి పుట్టిన జలపాతాలు అక్కడక్కడా తెల్లగా వేలాడుతున్నాయి. బనీను నొక్కుతోంది, బొంజు ఒరుగుతున్నాడు. ప్రతి మలుపూ పైడితల్లి తిప్పినట్టే తిరిగింది. జోగారావు గుండెల మీంచి బరువు కొంచెం కొంచెంగా దిగింది.

దూరంగా ఎడమ గట్టు మీద పసుపు రాయి కనిపించింది. పైడితల్లి అలవాటుగా రెండు చేతులూ జోడించింది. విమానం తిన్నగా కొండమ్మని దాటి సాగిపోయింది.

అప్పుడామె ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. ఇంకో మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు పెడితే అక్కడ మెట్టు లేనట్టయింది. చెవుల్లో నరం చచ్చుబడినా ఇన్నేళ్ళ అలవాటు చావలేదు. రెక్క వంగడం కోసం, వంగిన రెక్క మళ్ళీ లేవడం కోసం ఆమె ఒళ్ళంతా ఎదురుచూస్తోంది. ఆ రెండోది రావాలి. అది వస్తేనే కదా తను ముందుకెళ్ళేది! ఇన్నాళ్ళూ దండం పెట్టాక తను ఒక్క క్షణం దేనికి ఆగేదో ఆమెకి అప్పుడు తెలిసింది.

"బొంజూ, దండం పెట్టు!" అని అరిచింది.

బొంజు కంగారుపడి ఒక చెయ్యి కంట్రోల్ మీంచి తీసి నుదుటికి ఆనించుకోబోయాడు.

"చేత్తో కాదురా నాయనా! రెక్కతో! ఎడమ రెక్క వంచి వదిలెయ్యి!"

బొంజు వంచబోయాడు. బనీను ఒప్పుకోలేదు. భుజం మీద, ముంజేతి మీద గట్టిగా నొక్కి అతన్ని తిన్నగా పట్టుకుంది. పైడితల్లి ఒంట్లోంచి తీసిన తెలివే పైడితల్లి మాటకి అడ్డం పడుతోంది. "రానివ్వట్లేదమ్మా! లాగేస్తన్నాది!" అన్నాడు బొంజు. సున్నంబండ ముందు అద్దంలో పెద్దదవుతోంది.

"ఏవండీ, తోడు తీసెయ్యండి!"

జోగారావు వేలు పలక మీద ఆగిపోయింది. అందులో ఉన్నది ఆమె. మెట్లు దిగలేని ఆమె, కుళాయి పట్టుకుని నేల మీద కూర్చున్న ఆమె, తన కోసం కొంచెం కొంచెంగా తరిగిపోయిన ఆమె. దీన్ని ఆపేస్తే ఆ ఇచ్చిందంతా దేనికి ఇచ్చినట్టు? అంతా ఒక్క రెప్పపాటు. అతని ముందు సీట్లో కూర్చుని అరుస్తున్నది కూడా ఆమే. జోగారావు కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కేశాడు.

బనీను చప్పబడింది. బొంజు ఎడమ రెక్క వంచాడు, వదిలాడు.

"ఎలాగ లేచింది రెక్క? నాకు తెలీదు, నువ్వు చెప్పాలి!"

"బద్ధకంగా లేచిందమ్మా. బరువుగా. లేవనంటన్నట్టు..."

"ఐతే గాలి గట్టు మీంచి కిందకి జారతంది. మనల్ని తొక్కేస్తది. పవర్ పెట్టు, ఎడమకి తిప్పు, పోదాం!"

విమానం ఒంటి రెక్క మీద ఒరిగి, సున్నంబండ పక్కనుంచి లోయలోకి మళ్ళింది. మందుల పెట్టెలు తాళ్ళు బిగుసుకుని కిర్రుమన్నాయి. జోగారావు కిటికీలోంచి వెనక్కి చూశాడు. బండకి అవతల, వాళ్ళు వెళ్ళాల్సిన దారిలో, గట్టు మీది చెట్లన్నీ కిందికి వంగిపోయి ఉన్నాయి. ఒక జలపాతం నీళ్ళు చెదిరి పొగలా రన్‌వే మొదట్లో నేలకి కొట్టుకుంటున్నాయి. తిన్నగా వెళ్ళి ఉంటే తామూ ఆ నేలకే కొట్టుకునేవారు.

కాసేపు లోయ మొదట్లో చుట్లు కొట్టారు. తిరిగి వెళ్ళిపోదామని జోగారావు అనబోతుంటే, బొంజు మెల్లిగా, "ఇంకోపాలి అడుగుదామా అమ్మా?" అన్నాడు.

దండం పెడదామా అనలేదు. అడుగుదామా అన్నాడు. పైడితల్లి వాడి వంక చూసి తలూపింది.

మళ్ళీ అవే మలుపులు. ఈసారి బొంజు తన కళ్ళతో, తన చేతులతో తిరిగాడు. కొంచెం ముతగ్గా, కొంచెం భయంగా తిరిగాడు. పైడితల్లి ఒకటి రెండు చోట్ల మాత్రం, "ఎడం గట్టుకి జరుగు... చాలు" అంది. పసుపు రాయి వచ్చింది. రెక్క వంగింది, లేచింది. పైడితల్లి అడక్కముందే బొంజు కేక పెట్టాడు.

"చెంగున లేచిందమ్మా! కింద నుంచి ఎవరో ఎత్తినట్టు! ఎల్లొచ్చు!"

"మరెల్లు," అంది పైడితల్లి.

బండ వెనక్కి పోయింది. నల్లరాతి గోడ మీదికొచ్చింది. చక్రాలు నేలకి తగిలి ఒకసారి ఎగిరాయి. పైడితల్లి దింపి ఉంటే ఎగిరేవి కావు. మళ్ళీ తగిలి నిలిచాయి. విమానం ఎత్తెక్కి, రొప్పుతున్న ఎద్దులా ఆగింది.

బయట గూడెం జనం అప్పటికే చేరారు. ఒక ముసలమ్మ సొరకాయ బుర్రలో రాగి అంబలి తెచ్చి బొంజు చేతికిచ్చింది. వాడు తాగడం మరిచి లోయ వైపు చూస్తుంటే బుర్రని తనే వాడి నోటికి ఆనించింది. జోగారావు రన్‌వే పక్క గట్టు మీద కూలబడ్డాడు. పైడితల్లి నేల వంక చూసుకుంటూ మెల్లిగా నడిచొచ్చి అతని పక్కన కూర్చుంది.

"నేను దండం పెట్టి వెళ్ళిపోతున్నాననే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ," అంది. "ఆవిడ బదులు చెబుతూనే ఉందన్నమాట. నా ఒళ్ళు వింటూనే ఉందన్నమాట. నాకే తెలీదు."

జోగారావుకీ అంతా అర్థమైంది. బనీనులో ఉన్న జవాబులన్నీ నిజమైనవే. ఏ రోజు ఏ జవాబు చెప్పాలో మాత్రం దానికి తెలియదు. తెలియాలంటే ముందు ప్రశ్న ఉండాలి. రెక్క వంచి అడిగే ఆ ప్రశ్నని చెత్త అనుకుని తనే కత్తిరించాడు. జ్ఞానానందానికైనా తెలుసో లేదో ఎవరు చెప్పగలరు? తెలిసినా తెలియకపోయినా ఆయన దాన్ని మర్యాద అనే పేరుతో భద్రంగా చేతికందించాడు. జోగారావు శుభ్రం చేస్తున్నాననుకుని దాన్ని పారబోశాడు.

"పారేసినవి దాచారా?" పైడితల్లి అడిగింది.

"లేదు."

"ఐతే మళ్ళీ తియ్యండి. దండంతో సహా. కుడి చెవిలో ఇంకా కొంచెం మిగిలే ఉంది కదా."

ఆ మాట ఆమె కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అంది. తన మిషను బాగుపడే దారి అదొక్కటే. బాగుపడితే పేరొస్తుంది, ప్రపంచంలో ఇలాంటి కొండలెన్నిటికో పనికొస్తుంది. పైగా ఆమే ఇస్తానంటోంది. ఇంతకుముందైతే, ఇంకొక్కసారే కదా అనేవాడు.

అతను చెయ్యి చాచి, రికార్డింగ్ అయిపోయినా ఆమె కుడి చెవి వెనక ఇంకా అంటుకునే ఉన్న బిళ్ళని గోటితో మెల్లిగా పెకలించాడు. తర్వాత ఎడమది. రెండూ అరచేతిలో పెట్టుకుని చూసి జేబులో వేసుకున్నాడు.

"వద్దు పైడీ. చాలు. నన్ను క్షమించు."

పైడితల్లి చెవి వెనక తడుముకుంది. "హమ్మయ్య, దురద పోయింది," అంది. కళ్ళల్లో మాత్రం నీళ్ళు నిండాయి. "మరి గాలిమెట్ట? రెండో పైలట్?"

అంబలి బుర్రతో బొంజు వాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు. మూతి మీద ఇంకా అంబలి ఉంది. "అలాగంటారేటమ్మా? ఇప్పుడు దింపింది ఎవులు? బనీను కాదు కదా. నానడిగినాను, కొండమ్మ చెప్పినాది. తప్పితే తిట్టడానికి మీరు పక్కనుండాలి, అంతే."

ఆ మాట మీదే అంతా నడిచింది. ప్రయోగశాలలో పెద్దలకి జోగారావు ఉన్నదున్నట్టు చెప్పి, తోడుని తనే మూసేశాడు. కొందరు జాలిపడ్డారు, కొందరు చాటున నవ్వారు. ఆ బనీనుని నీకు ఊతంగా పనికొచ్చేలా మార్చనా అని భార్యని అడిగితే, "మళ్ళీ ఇంకొకరు చెప్పింది వినడమేనా? నా ఒంటికి మాటలు రావేటి?" అంది. వానలు వెనకపట్టేలోపు బొంజు ఎండలో, మబ్బులో, ఈదురుగాలిలో అధికారుల ఎదుట గాలిమెట్టలో దిగి చూపించాడు. దిగకుండా వెనక్కి మళ్ళడం కూడా చూపించాడు. వాళ్ళు రెండో దానికే ఎక్కువ సంతోషించారు. గాలిమెట్ట మూతపడలేదు. బొంజుని చూసి ఇంకో ఇద్దరు నేర్చుకోవడానికి వచ్చారు, ఒక్క మనిషి మీద నడిచే దారన్న మాట కూడా పోయింది.

పైడితల్లి పక్క సీట్లో కూర్చునేది. చెప్పులు విప్పి, ఉత్తికాళ్ళు విమానం నేలకి ఆనించుకునేది. పసుపు రాయి దగ్గర రెక్క వంగి లేవగానే, "ఎలాగ లేచింది?" అని అడిగేది. ఒకడు పాలు పొంగినట్టు అనేవాడు. ఇంకొకత్తె నిద్రమొహంతో లేచినట్టు అనేది. ఎవరి మాట వాళ్ళది. వాళ్ళు చెప్పేది వింటూ, తన అరికాళ్ళకి తగిలిన వణుకుని ఆ మాటతో జతచేసుకుంటూ ఆమె రోజూ కూర్చునేది. కొన్నాళ్ళకి వాళ్ళు చెప్పకముందే ఆమె తలూపడం మొదలుపెట్టింది. వెనక సీట్లోంచి జోగారావు అది గమనించాడు గానీ, ఆశపడి నోరు జారితే దిష్టి తగులుతుందేమోనని ఊరుకున్నాడు. దండాలని చూసి నవ్విన మనిషికి దిష్టి మీద అంత నమ్మకం ఎప్పుడు కుదిరిందో!

ఇంట్లో మాత్రం ఒక అలవాటు ఉండిపోయింది. రోజూ పొద్దున్న పైడితల్లి స్నానానికి వెళ్తే, జోగారావు తువ్వాలు భుజాన వేసుకుని తలుపవతల నిలబడేవాడు. ఆమె ఒక చేత్తో కుళాయి పట్టుకుని, ఇంకో చేత్తో మొహం కడుక్కునేది. సబ్బు నీళ్ళు కళ్ళల్లోంచి పోయేదాకా అతను ఊపిరి బిగబట్టుకునేవాడు.

చలికాలం వచ్చాక ఒకరోజు అలాగే నిలబడ్డాడు. లోపల నీళ్ళ చప్పుడు. రెండు చేతులతో దోసిలి పట్టి మొహాన కొట్టుకుంటున్న చప్పుడు. జోగారావు చెవులు రిక్కించాడు. రెండు చేతులూ మొహం దగ్గరుంటే మరి కుళాయి?

"పైడీ! కుళాయి పట్టుకో!"

లోపల చప్పుడు ఆగింది. అతను తలుపు మీద చెయ్యి వేశాడు.

"అరవకండి," అంది పైడితల్లి లోపలినుంచి. "కళ్ళు మూసుకునే ఉన్నాను. నేల ఇక్కడే ఉంది. తువ్వాలు అక్కడ తగిలించి మీ పని మీరు చూసుకోండి."

జోగారావు తువ్వాలుని తలుపు గొళ్ళానికి తగిలించాడు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, ఇద్దరికీ కాఫీకి నీళ్ళు పెట్టాడు.